సరండా నుంచి ఒక్కరోజు: బుట్రింట్, జిరోకాస్ట్రా

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. మే నెలలో అమ్మావాళ్ళని కోర్ఫు దీవికి తీసుకెళ్తున్నావు, అక్కణ్ణుంచి ఒకరోజు సముద్రం దాటి అల్బేనియాలో పాత ఊళ్ళూ శిథిలాలూ చూపిద్దామనుకుంటున్నావు, అంతేగా? మంచి కాలమే ఎంచుకున్నావు. జులై, ఆగస్టుల్లో అక్కడ రాయి కాలుతుంది, తీరం వెంబడి ఉన్న ఒకే ఒక్క రోడ్డు కార్లతో నిండిపోతుంది.

ముందు వీసా సంగతి చూసుకో. నీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి అల్బేనియాకి వేరే వీసా అక్కర్లేదు. చిక్కంతా అమ్మావాళ్ళ విజిట్ వీసాతోనే. దానిమీద ఎంట్రీల గడిలో 1 అని ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోకు. కోర్ఫు గ్రీసులో ఉంది, గ్రీసు షెంజెన్, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరోపు దేశాల గుంపులోది. అల్బేనియా కాదు. కోర్ఫు రేవులో పడవ ఎక్కేముందే పాస్‌పోర్టు తనిఖీ చేసి, వాళ్ళు షెంజెన్ దాటి వెళ్ళినట్టు నమోదు చేస్తారు. దాంతో సింగిల్ ఎంట్రీ వీసా చెల్లిపోయినట్టే. ఇక సాయంత్రం గ్రీసులో దిగనివ్వరు. ‘మల్ట్’ అని ఉంటే భయం లేదు. అప్పటికే ఒకసారి వాడిన మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉన్నవాళ్ళని అల్బేనియా తన వీసా అడక్కుండా రానిస్తుంది. నీ దగ్గరికి జర్మనీ వచ్చి ఉంటారు కాబట్టి ఆ వీసా వాడినట్టే లెక్క. అయినా ఈ నిబంధనలు మారుతుంటాయి, టికెట్లు కొనేముందు అల్బేనియా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి చూడు.

రెండోది టైము. అల్బేనియా గ్రీసు కంటే గంట వెనక. కోర్ఫులో తొమ్మిదికి బయల్దేరిన స్పీడు బోటు అరగంటలో అల్బేనియా రేవు ఊరు సరండా చేరితే అక్కడ ఎనిమిదిన్నరే అవుతుంది. పొద్దున ఇది లాభంలా కనిపిస్తుంది, సాయంత్రం ఆ గంట పోతుంది. అసలు తంటా ఫోనుతో వస్తుంది. సరండా, దాని దగ్గరి క్సమిల్ ఊరి తీరాన కోర్ఫు టవర్ల సిగ్నల్ అందుతుంది కాబట్టి ఫోను ఒక నిమిషం గ్రీసు టైము, మరో నిమిషం అల్బేనియా టైము చూపిస్తుంది. ఆటోమేటిక్ టైము తీసేసి చేత్తో పెట్టుకో. డేటా రోమింగ్ కూడా ఆపెయ్. నీ జర్మనీ సిమ్‌కి గ్రీసులో అదనపు ఖర్చుండదు గానీ అల్బేనియా యూరోపియన్ యూనియన్లో లేదు, అక్కడి టవర్ పట్టిందంటే బిల్లు వాచిపోతుంది.

ఇక ప్లాను. కోర్ఫు నుంచి ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయాలంటే బుట్రింట్ శిథిలాలు ఒక్కటే పెట్టుకో. రెండు రేవుల్లోనూ పాస్‌పోర్టు క్యూలు ఉంటాయి, పాత రాతి ఊరు జిరోకాస్ట్రా దాకా వెళ్తే చివరి పడవ కోసం పరుగే. నా మాట వింటే ఒక రాత్రి సరండాలో పడుకోండి. మర్నాడు పొద్దున ఎనిమిదికి గైడుతో బయల్దేరితే రెండూ తీరిగ్గా అవుతాయి.

టూర్లవాళ్ళు సాధారణంగా మూడు కలిపి అమ్ముతారు: బుట్రింట్, బ్లూ ఐ అనే నీటి ఊట, జిరోకాస్ట్రా. డబ్బు కట్టేముందు ఒకే ప్రశ్న అడుగు: బుట్రింట్‌లో ఎంతసేపు ఆపుతారు? గంట అంటే ఒప్పుకోకు. గంటలో గైడు కింద చదునుగా ఉన్న భాగం, అంటే థియేటరు, బాప్టిస్టరీ (జ్ఞానస్నానాల గది), బాసిలికా (పాత చర్చి) చూపించి వెనక్కి తీసుకొచ్చేస్తాడు. సరస్సు వైపు గోడలు, సింహం గుమ్మం, గుట్ట మీది మ్యూజియం మిగిలిపోతాయి. రెండున్నర గంటలు కావాలి. టైము సరిపోకపోతే బ్లూ ఐ కోసేయమను, బుట్రింట్‌ని కాదు.

బుట్రింట్ సరండాకి దక్షిణాన, బస్సులో ముప్ఫై నలభై నిమిషాలు. టికెట్టు వెయ్యి లేకులు (లేకు అక్కడి డబ్బు). ఒక సరస్సుని సముద్రంతో కలిపే వివారి కాలువ పక్కన, మూడువైపులా నీళ్ళున్న గుట్ట అది. ఆ ఒక్క గుట్ట మీద గ్రీకు, రోమన్, బైజాంటైన్, వెనీషియన్ కట్టడాలు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఉన్నాయి. ట్రాయ్ నుంచి పారిపోయిన వీరుడు ఈనియస్ ఇక్కడ ఆగి, తన ఊరికి నకలుగా కట్టిన చిన్న ట్రాయ్‌ని చూశాడని రోమన్ కవి వర్జిల్ కావ్యం చెప్తుంది. ఆ కథ వెంటబడే లుయిజీ ఉగొలీనీ అనే ఇటలీ పురాతత్వవేత్త 1928లో తవ్వకాలు మొదలుపెట్టాడు. 1992లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

థియేటరు చూడగానే అమ్మ అడుగుతుంది, మధ్యలో నీళ్ళేంటని. అది వాన నీరు నిలవడం కాదు. భూకంపాలతో, శతాబ్దాలుగా నేల కుంగడంతో ఆ చోటు భూగర్భజలాల మట్టానికి దిగిపోయింది. వసంతంలో నీళ్ళు ఎక్కువ, తాబేళ్ళు ఈదుతుంటాయి. మెట్ల వరసలు చూసి ఫొటో తీసుకుని వచ్చేయకు. థియేటరులోకి వెళ్ళే పక్కదారి గోడ దగ్గర ఆగు. అక్కడి రాళ్ళ నిండా గోరంత గ్రీకు అక్షరాలు వరసలు వరసలుగా ఉంటాయి. అవి బానిసల విముక్తి పత్రాలు. ఎవరు ఎవరిని విడుదల చేస్తున్నారో పేర్లతో సహా చెక్కించి, వైద్యదేవుడు అస్క్లెపియస్‌ని సాక్షిగా పెట్టుకున్నారు. విడిపించినవాళ్ళలో ఆడవాళ్ళ పేర్లు కూడా చాలానే ఉన్నాయి. వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడినప్పుడే ఆ గీతలు లేస్తాయి, నడినెత్తి ఎండలో చూస్తే ఉత్త గరుకు రాయిలా ఉంటుంది. పొద్దున్నే వెళ్ళమనడానికి ఇదీ ఒక కారణం. రాజుల శాసనాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక మామూలు మనిషికి ఆ రోజు నుంచి స్వేచ్ఛ అని చెప్పే రాళ్ళు ఇన్ని ఒకేచోట చూడ్డం అరుదు, గైడు దాటేస్తే నువ్వే ఆపి అడుగు.

బాప్టిస్టరీ ఆరో శతాబ్దానిది. గుండ్రటి గదిలో రెండు వలయాలుగా పదహారు స్తంభాలు, మధ్యలో జ్ఞానస్నానపు తొట్టి, నేలంతా నెమళ్ళూ ద్రాక్షతీగలూ జంతువుల బొమ్మలతో మొజాయిక్. కానీ నువ్వు వెళ్ళే రోజు అది కనపడకపోవచ్చు. కింద నీటి తేమ, ఉప్పు చేరి రాళ్ళు ఊడిపోతాయని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక కప్పే ఉంచుతారు. బ్రోషరు బొమ్మ చూసి ఆశపెట్టుకున్నవాళ్ళు అక్కడ నిరాశపడతారు, అమ్మావాళ్ళకి ముందే చెప్పు. పక్కనున్న బాసిలికా గోడలు మాత్రం ఇంకా నిలువెత్తున ఉన్నాయి.

అక్కణ్ణుంచి సరస్సు అంచున నడిస్తే క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దపు కోటగోడ వస్తుంది, సున్నం లేకుండా అతికిన పెద్ద పెద్ద బండలు. దాని చివర సింహం గుమ్మం. ఎద్దు తలని కొరుకుతున్న సింహం చెక్కిన పాత రాయిని తర్వాతి కాలంలో తెచ్చి అడ్డంగా పెట్టి ద్వారం ఎత్తు తగ్గించేశారు. శత్రువు గుంపుగా దూరకుండా చేసిన ఏర్పాటది. నాన్న పొడగరి కదా, తల వంచమను. తర్వాత గుట్టెక్కడానికి మెట్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినా నష్టం లేదు, కాలువ ఒడ్డున చెట్ల నీడ ఉంటుంది. చుట్టూ చిత్తడి నేల కాబట్టి దోమల మందు ముందే రాసుకోండి.

బ్లూ ఐ గురించి పెద్దగా చెప్పను. నీలంగా, అద్దంలా ఉంటుంది, పది డిగ్రీల చల్లటి నీళ్ళు. యాభై మీటర్ల దాకా దిగిన డైవర్లకీ అడుగు తగల్లేదు. పార్కింగు నుంచి దాదాపు రెండు కిలోమీటర్లు నడక, మళ్ళీ అంతే వెనక్కి. ఈతకి అనుమతి లేదు. అమ్మావాళ్ళకి ఆ నడక జిరోకాస్ట్రా కోసం దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. దాని తర్వాత మూజిన కనుమ మీదుగా మెలికల రోడ్డు. బస్సులో వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి, భోజనం కనుమ దాటాకే.

జిరోకాస్ట్రాలో రోడ్లూ గోడలూ పైకప్పులూ అన్నీ రాయే. కప్పుమీద రాతి పలకలకి మేకులుండవు, బరువుతోనే నిలబడతాయి. ఒక్క పలక జరిగితే వాన నీళ్ళు దిగి కింద దూలం కుళ్ళుతుంది, దూలం పోతే మొత్తం కప్పు కూలుతుంది. మనుషులు వదిలి వెళ్ళిన ఇళ్ళు అలాగే పోయాయి. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అల్బేనియాని నలభై ఏళ్ళు ఏలిన ఎన్వర్ హోజా, రచయిత ఇస్మాయిల్ కదారే ఇద్దరూ పుట్టింది ఈ ఊళ్ళోనే.

బస్సు కిందే ఆగిపోతుంది. బజారు రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉంటాయి, వానపడితే జారతాయి. తోలు చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేయించు. ముందు కోట చూడండి, టికెట్టు నాలుగొందల లేకులు. చీకటి కమానుల కింద రెండో ప్రపంచయుద్ధపు ఫిరంగులు, బయట 1957లో అల్బేనియాలో దిగిన అమెరికా విమానం, అవతల ద్రీనో లోయ. తర్వాత ఒకే ఒక్క ఇల్లు చూడండి, అది స్కెందులి ఇల్లు. జెకాతె ఇల్లు కూడా గొప్పదే గానీ మరీ నిటారుగా ఎక్కాలి. స్కెందులి ఇంట్లో కప్పుమీద పడిన వాన నీళ్ళని కిందున్న తొట్టిలోకి పట్టిన పద్ధతి, పెళ్ళిళ్ళకి మాత్రమే తెరిచే గది, శీతాకాలానికో గది, వేసవికో గది చూస్తే అక్కడి మనుషులు ఎలా బతికారో అర్థమవుతుంది.

తిండికి ఇబ్బంది లేదు. కిఫ్కి అని ఈ ఊరి ప్రత్యేకం ఉంది. ఉడికిన అన్నం, గుడ్డు, పుదీనా కలిపి, అచ్చం మన గుంతపొంగనాల పెనం లాంటిదాంట్లో కాలుస్తారు. గుడ్డు ఉంటుంది కాబట్టి అమ్మ తినదు. ఆవిడకి పాలకూర లేదా చీజు పెట్టిన బైరెక్ అనే పొరల రొట్టె చెప్పు. కొన్నిట్లో మాంసం పెడతారు, ‘పా మిష్’ అంటే మాంసం వద్దని.

డబ్బు లేకుల్లోకి మార్చుకో. వంద లేకులు ఇంచుమించు ఒక యూరో. యూరోలు చాలాచోట్ల తీసుకుంటారు గానీ లెక్క వాళ్ళవైపే మొగ్గుతుంది. ఏటీఎంలు విదేశీ కార్డుకి రుసుము వేస్తాయి, కాబట్టి కావలసినంతా ఒకేసారి తియ్యి. మిగిలినవి సరండాలోనే ఖర్చుపెట్టెయ్, దేశం దాటాక వాటిని మార్చేవాళ్ళు దొరకడం కష్టం.

టూరు బుక్ చేసేటప్పుడు టికెట్లు ధరలో కలిసున్నాయా, గైడు శిథిలాల లోపలికి వస్తాడా లేక గేటు దగ్గరే వదిలేస్తాడా, బండి సరండాలో హోటలు దాకా వస్తుందా అని రాతపూర్వకంగా తెప్పించుకో. వాళ్ళు ఏమన్నారో నాకు పంపు, అమ్మావాళ్ళ వీసా ఫొటో కూడా.

ఉంటాను రా.