ధారూరు, కోట్‌పల్లి, పెద్దేముల్ ఊళ్ల వాళ్లకు మా బైకర్ల కృతజ్ఞతలు

మొన్న ఆదివారం వికారాబాద్ జిల్లాలో బురద బాటల మీద బైకులు నడపడానికి వచ్చిన మా గుంపును ఆదుకున్న వాళ్లందరికీ చేతులెత్తి నమస్కారం. మాకు సాయం చేసిన వాళ్లలో చాలామంది పేరు కూడా చెప్పకుండా మళ్లీ పనిలోకి వెళ్లిపోయారు. ఆ ఊళ్ల పిల్లలు ఎవరైనా ఇది చూస్తే దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఇది వాళ్లకు చేరాలనే రాస్తున్నాను.

మేం పొద్దున్నే హైదరాబాద్‌లో బయల్దేరి వికారాబాద్ మీదుగా ధారూరు చేరుకున్నాం. అనంతగిరి అడవిలోకి వెళ్లలేదు. అది రిజర్వ్ ఫారెస్ట్, అనుమతి లేకుండా బండ్లు లోపలికి తీసుకెళ్లకూడదు, తీసుకెళ్లాలన్న కోరిక కూడా మా వాళ్లకు లేదు. ఊరికీ ఊరికీ మధ్య, చేలకూ ఊరికీ మధ్య ఉన్న బండ్ల బాటలే మేం ఎంచుకున్నవి. ధారూరు చుట్టుపక్కల ఎక్కువగా ఎర్రనేల. కోట్‌పల్లి దాటి పెద్దేముల్ వైపు పోయేకొద్దీ నల్లరేగడి మొదలవుతుంది. ముందు రాత్రి మంచి వాన పడింది.

ఎర్రమట్టి తడిస్తే జారుతుంది గానీ టైరు తిరుగుతున్నంతసేపు మట్టి విదిలిపోతూనే ఉంటుంది. రేగడితో అలా కుదరదు. ఆ బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బి, టైరు గాళ్లలో ఇరుక్కుని, కాసేపటికి టైరంతా నున్నగా చేసేస్తుంది. ఇక పట్టు అనేది ఉండదు. ముందు మడ్‌గార్డ్ టైరుకు దగ్గరగా ఉన్న బండి అయితే ఇంకా కష్టం. మధ్య సందులో మట్టి కూరుకుపోయి చక్రం తిరగడమే ఆగిపోతుంది. ఎక్స్‌పల్స్ లాంటి బండికి మడ్‌గార్డ్ ఎత్తుగా ఉంటుంది, బరువు కూడా తక్కువ, కాబట్టి అవి తిప్పలు పడుతూనే బయటపడ్డాయి. పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకు ఒకటి మాత్రం పెద్దేముల్ వైపు ఒక పత్తిచేను పక్కన ఇంజన్ దాకా దిగబడిపోయింది. దాని బరువు 199 కిలోలు, దానికి తోడు అంటుకున్న మట్టి. నలుగురం పట్టి లేపినా కదల్లేదు. క్లచ్ కాలిన వాసన రావడంతో నడిపే తమ్ముడు ఇంజన్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయాడు.

అప్పుడు వచ్చారు ట్రాక్టర్ అన్న. పత్తికి మందు కొట్టి ఇంటికి వెళ్తున్నారు. మేం అడగలేదు. ట్రాక్టర్‌ను దూరంగా గట్టి నేల మీద ఆపి, నడిచి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "గుంజుడు తర్వాత, ముందుగాల చక్రాల కింద ఏమన్న వెయ్యాలె" అన్నారు. గట్టు మీద ఎవరో పేర్చిపెట్టుకున్న ఎండిన కంది కట్టె ఉంటే, ఆ చేను వాళ్లకు ఫోన్ చేసి అడిగి మరీ రెండు మోపులు తెచ్చారు. ముందు చక్రం చుట్టూ మట్టిని పుల్లలతో గీకించారు. కట్టె పరిచి, మోకును హ్యాండిల్‌కు కాకుండా కింద ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల మొదట్లో కట్టించారు. హ్యాండిల్‌కు కడితే బండి పక్కకు ఒరుగుతుందని ఆయనే చెప్పారు. తర్వాత తక్కువ గేరులో మెల్లగా, ఎక్కడా జెర్క్ లేకుండా లాగారు. మేం ఇద్దరం అటూ ఇటూ పట్టుకుని నడిచామంతే. డబ్బు ఖర్చుపెట్టి ఆఫ్‌రోడ్ శిక్షణ తీసుకున్న వాళ్లు మాలో ఉన్నారు. రేగడిలో బండి ఎలా తీయాలో మాకు తెలిసింది మాత్రం ఆ అన్న దగ్గరే.

డీజిల్‌కైనా తీసుకోమని ఎంత బతిమాలినా ఆయన తీసుకోలేదు. "రేపు నా బండి పట్నంల ఆగితే నువ్వు ఆగవా తమ్మీ?" అని అడిగారు. అన్నా, తప్పకుండా ఆగుతాం. మీరు ఫోన్ చేస్తే చాలు, నగరంలో ఏ మూలకైనా వస్తాం. కంది కట్టె ఇచ్చిన ఇంటివాళ్లకు కూడా మా నమస్కారం. వానాకాలంలో పొయ్యిలోకి ఎండు కట్టె ఎంత అవసరమో మా అమ్మమ్మగారి ఇంట్లో చూసి పెరిగినవాణ్ని. అది ఊరికే ఇచ్చేసే వస్తువు కాదు.

రెండో కృతజ్ఞత మేకల తాతకు. నా లెక్కలో ఆ రోజు అందిన సాయాల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. మధ్యాహ్నం ఒక చిన్న వాగు దగ్గరికి వచ్చాం. నీళ్లు పిక్కల దాకా కూడా లేవు, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. ముందున్న బండి దిగబోతుంటే గట్టు మీద నుంచి తాత కర్ర ఎత్తి అరిచారు. "దిగకుండ్రి బిడ్డా! కొండ దిక్కు మబ్బు జూడుండ్రి. నీళ్లల్ల పుల్లలు వస్తున్నయ్, రంగు మారింది."

చూస్తే నిజమే. మా నెత్తిన ఎండ కాస్తోంది, అనంతగిరి వైపు మాత్రం ఆకాశం నల్లగా ఉంది. ఆ కొండల్లో ఒకవైపు పుట్టిన మూసీ తూర్పున హైదరాబాద్‌కు వస్తుంది. ఈ వైపు వాగుల నీళ్లు కాగ్నాలో కలిసి కర్ణాటకలో భీమా నదికి చేరతాయి. పైన కొండ మీద పడిన వాన, కింద చినుకు లేని చోట వాగును ఒక్కసారిగా పొంగిస్తుంది. బండ్లు ఆపి తాతతో పాటు గట్టు మీద కూర్చున్నాం. కొద్దిసేపట్లోనే నీళ్లు ఎర్రగా మారి, మేం చూసిన రాళ్లన్నీ మునిగిపోయాయి. కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. ఆ చప్పుడు వింటూ మాలో ఎవ్వరం మాట్లాడలేదు. 2021 ఆగస్టులో ఇదే జిల్లా మర్పల్లి మండలంలో పెళ్లివారి కారు వాగులో కొట్టుకుపోయి ప్రాణాలు పోయిన సంగతి మా అందరికీ గుర్తుంది. తాతా, ఆ రోజు మేమంతా ఇళ్లకు చేరామంటే మీరు అరిచిన ఆ ఒక్క అరుపు వల్లే. మా ఇళ్లలో ఆడవాళ్లు మీకు దండం పెట్టమన్నారు. పెడుతున్నాం.

దారి చూపింది కూడా ఆయనే. వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లే బాటలో సగం దూరం మేకలను మనవడికి అప్పగించి ముందు నడిచారు.

ఆ చుట్టుదారిలోనే మా వాళ్లలో ఒకరు జారిపడ్డారు. బండి కాలి మీద పడి చీలమండ వాచింది. పక్క చేలో కలుపు తీస్తున్న అమ్మలు పని వదిలి పరుగెత్తుకొచ్చారు. ఒకామె తన తలపాగ తువ్వాలు విప్పి, కాలు కదలకుండా రెండు పుల్లలు పెట్టి కట్టింది. బూటు విప్పనివ్వలేదు, విప్పితే వాపు పెరిగి మళ్లీ ఎక్కదని చెప్పింది. సద్ది డబ్బాలోంచి జొన్నరొట్టె, పచ్చడి పెట్టింది. కలుపు కూలి పోతుందేమో అమ్మా అంటే, "కూలి రేపు వస్తది, కాలు రాదు" అంది. ఊళ్లోంచి ఆటో అన్న తారు రోడ్డు చివరిదాకా వచ్చి ఎక్కించుకుని, ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేదాకా ఉండి, మా వాణ్ని బయట దింపాకే వెళ్లారు. ఎముక విరగలేదు, లిగమెంట్ దెబ్బ. కట్టు కట్టారు, విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆదివారం సాయంత్రం పేషెంట్లతో కిక్కిరిసి ఉన్నా విసుక్కోకుండా చూసిన డాక్టరమ్మకు, సిస్టర్లకు కృతజ్ఞతలు. అతని బండిని రేకుల షెడ్డులో పెట్టి పైన టార్పాలిన్ కప్పి ఉంచిన ఇంటివాళ్లకు కూడా.

తుమ్మముల్లు దిగి పంక్చరైన ట్యూబుల కోసం సెలవు రోజు షాపు తీసిన ధారూరు మెకానిక్ అన్నకు, బోరు వేసి బండ్లు కడుక్కోనిచ్చిన రైతుకు, టీ డబ్బులు తీసుకోని హోటల్ అక్కకు థాంక్స్. మా గుంపులో రోజంతా చివర నడిపిన అన్నకు కూడా ఒక మాట చెప్పాలి. చివరి బండి నడిపేవాడికి రైడ్ సరదా దాదాపు ఉండదు. అందరి టైర్లు చీల్చిన బురదలో నడపాలి, పడిన ప్రతి బండినీ లేపాలి. ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

ఆ బాటలు మాకు ఒక్క రోజు ఆట. ఆ ఊళ్ల వాళ్లకు పాల క్యాన్లు, ఎరువు సంచులు, పత్తి మూటలు, బడికి పోయే పిల్లలు, అన్నీ ఆ దారినే. తడి రేగడిలో గుంపుగా బైకులు పోతే పడే గాళ్లు ఎండాక రాయిలా గట్టిపడతాయి. ట్రాక్టర్‌కు ఫరవాలేదు గానీ, క్యాన్లు కట్టుకున్న మోపెడ్‌కు, నడిచే ముసలివాళ్లకు అది నరకం. అందుకే వానాకాలంలో రేగడి బాటల జోలికి వెళ్లకూడదని, తడి రోజుల్లో ఎర్రనేల వైపే ఉండాలని గుంపంతా కలిసి ఒప్పుకున్నాం. మరో గుంపు వెళ్లాలనుకుంటే వాళ్లనూ ఇదే కోరుతున్నాం. ఎడ్లు, మేకలు ఎదురైతే ఇంజన్ ఆపండి. ఊళ్లో సైలెన్సర్ చప్పుడు చేయకండి.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది పండే నేల ఇదే. చలికాలంలో కోత మొదలయ్యేసరికి ఆ బాటలో గుంతలు ఉండకూడదని మా కోరిక. పంచాయతీ పెద్దలతో మాట్లాడాం, మొరం పోయడానికి ఒప్పుకున్నారు. ఖర్చు మా గుంపుది, ట్రాక్టర్ ఆ అన్నదే, ఈసారి కిరాయి తీసుకుంటారనే షరతు మీద. వానలు తెరిపి ఇచ్చాక ఒక ఆదివారం చూసుకుని వెళ్తున్నాం. రావాలనుకున్న వాళ్లు పారలు, తట్టలు తెచ్చుకోండి. బైకులు తారు రోడ్డు దగ్గరే ఆపి, అక్కడి నుంచి నడుద్దాం.