ఆర్‌సెప్‌పై నిర్ణయానికి ముందు మా డెల్టాను అడగండి

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కోనసీమలో, అంబాజీపేటకు దగ్గరలో మూడెకరాల కొబ్బరితోట ఉన్న రైతును. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ కూటమిలో, అంటే ఆసియా-పసిఫిక్ దేశాలు సుంకాలు తగ్గించుకుని వ్యాపారం చేసుకునే ఒప్పందంలో, చేరబోమని చెప్పి బయటికి వచ్చింది. మిగిలిన 15 దేశాలు మరుసటి ఏడాది సంతకాలు చేసుకున్నాయి. చేరాలన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది కనుక, చేరాలా వద్దా అన్నది తేల్చేముందు మా గోదావరి డెల్టా జనాన్ని కూడా అడగాలన్నదే నా విన్నపం.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మన దేశం వాణిజ్య ఒప్పందం చేసుకున్నప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అది 2009 ఆగస్టులో సంతకమై, 2010 జనవరి 1 నుంచి అమలైంది. పామాయిల్‌పై దిగుమతి సుంకాన్ని విడతల వారీగా తగ్గిస్తామని అందులో రాసుకున్నారు. కేరళలో జనం రోడ్ల మీదికి వచ్చి మానవహారం కట్టారు. మా ఊళ్లో ఒప్పందం పేరే తెలియదు. ఆ తర్వాత ఒక వేసవిలో మా నాన్నగారు అటక మీద నుంచి దింపిన కురిడీ కాయల్ని ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి, లోపల గుండు గలగలలాడితే కుప్పలో వేస్తుండగా, కొనడానికి వచ్చిన వ్యాపారి, “బయటి నూనె చవగ్గా వస్తోందండీ, ఇంతకు మించి గిట్టదు” అన్నాడు. ఆ నూనె ఎందుకు చవకైందో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నార్వే ఐరోపా కూటమిలో చేరే విషయాన్ని 1972లో ఒకసారి, 1994లో మరోసారి ప్రజల ఓటుకే పెట్టింది. రెండోసారి 52.2 శాతం మంది వద్దన్నారు. రాజధాని ఓస్లో చేరదామంది. చేపల వేటే బతుకుగా ఉన్న ఉత్తరాది తీరం గట్టిగా కాదంది. తమ సముద్రంలో ఎవరు వల వేయాలో వేరేచోట నిర్ణయిస్తారన్నది వాళ్ల భయం. మన దగ్గర అలాంటి ఓటింగ్ ఆనవాయితీ లేదని తెలుసు. అయినా అడిగే పద్ధతి ఏదో ఒకటి ఉండాలి కదా.

మా డెల్టాలోనూ అందరిదీ ఒకే మాట కాదు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక భీమవరం వైపు రొయ్యల రైతులు కొత్త మార్కెట్ల కోసం చూస్తున్నారు. వాళ్లలో చేరదామనేవాళ్లు ఉంటారు, అది న్యాయమే. పాడి రైతు మాత్రం ఆర్‌సెప్‌లో ఉన్న న్యూజిలాండ్ పాలపొడి పేరు వింటేనే బెదురుతున్నాడు.

అందుచేత అమలాపురంలో ఒకటి, భీమవరంలో ఒకటి బహిరంగ విచారణలు పెట్టించండి. ఏ సరుకుపై సుంకం ఎంత తగ్గుతుందో తెలుగులో అచ్చువేసి నెల ముందు పంచాయతీలకు పంపించండి. దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసి ఉండే మే నెలలో పెడితే రైతులంతా రాగలుగుతారు.

ఇట్లు,
అంబాజీపేట ప్రాంత కొబ్బరి రైతు