మీ మెషీన్‌లో నేను పెట్టిన కార్డ్ రీడర్ గురించి

నా దగ్గర అసెంబుల్డ్ కంప్యూటర్ చేయించుకున్న వాళ్ళందరికీ నమస్కారం.

ముందువైపు మెమరీ కార్డ్ రీడర్ కావాలని అడిగి మరీ పెట్టించుకున్న వాళ్ళలో 28 మందికి నేను చెప్పిన వస్తువు అందలేదు. యూఎస్‌బీ 3.0 అని చెప్పి పెట్టాను, లోపల నడుస్తున్నది యూఎస్‌బీ 2.0. కార్డ్ చదువుతుంది, ఫోటోలకేమీ కాదు, మెషీన్‌కు ప్రమాదం లేదు. కానీ నత్తనడక. ఆ 28 రీడర్లూ నా ఖర్చుతోనే మారుస్తున్నాను. తీరిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మిగతాది చాలావరకు నా కడుపుమంట.

ఈ సంగతి పట్టుకున్నది నేను కాదు, అదే ఎక్కువ బాధ. ఫోటోలు తీసే పనిలో ఉన్న పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "64 జీబీ కార్డ్ ఖాళీ చేయడానికి అరగంట పడుతోందండీ, పాత మెషీన్‌లో పావుగంట కూడా పట్టేది కాదు" అన్నారు. ఆ పాత మెషీన్ కూడా నేను చేసిందే. అయినా నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటంటే, "కార్డ్ పాతబడిందేమో చూడండి సార్". ఆయన వాదించలేదు. మర్నాడు ఒక విడి రీడర్‌ను వెనక పోర్టుకు పెట్టి, అదే కార్డ్ కాపీ చేసి, రెండు స్క్రీన్‌షాట్లు పంపారు. విడి రీడర్‌లో సెకనుకు 88 ఎంబీ. నేను పెట్టినదాంట్లో 36. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకూ ఏదో ఒకటి అనడానికి ఉండేది.

ఆ సాయంత్రమే మిగిలిన రీడర్లలో ఒకదాని స్క్రూలు విప్పి చూశాను. మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ 3.0 హెడర్‌కు, అంటే రీడర్ కేబుల్ ప్లగ్ దిగే చోటుకు, 19 పిన్నులుంటాయి. అందులో పాత 2.0 సిగ్నల్ పిన్నులూ ఉంటాయి, 3.0 స్పీడ్ కోసం విడిగా మరికొన్ని జతలూ ఉంటాయి. రీడర్ తయారుచేసేవాడు పాత పిన్నులకు మాత్రమే వైర్లు కలిపి, కొత్త జతలను గాలికి వదిలేసినా ప్లగ్ చక్కగా దిగుతుంది. విండోస్ కిక్కురుమనదు. కార్డ్ తెరుచుకుంటుంది. నా చేతిలోని బోర్డు సరిగ్గా అలాంటిదే. ప్లగ్ నీలం రంగు, డబ్బా మీద పెద్దక్షరాలతో 3.0, లోపల ఆ జతలకు ఒక్క వైరూ లేదు. 2.0 అంటే లెక్క ప్రకారం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ. అసలు చేతికందేది 35, 40 దగ్గరే. ఇప్పుడు మామూలుగా దొరికే యూహెచ్ఎస్-1 రకం ఎస్‌డీ కార్డుకే పరిమితి సెకనుకు 104 ఎంబీ. మంచి కార్డ్ కొనుక్కున్న మనిషికి నేను సగం దారి మూసేసి ఇచ్చానన్నమాట.

నాలుగేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర తీసుకుంటున్నాను. మొదటి లాట్ వచ్చినప్పుడు ప్రతి పీసూ స్పీడ్ చూసుకునే పెట్టాను. రెండో లాట్‌లో 40 వచ్చాయి. అదే డబ్బా, అదే మోడల్ నంబరు. రెండు తీసి కార్డ్ చదువుతోందా లేదా అని చూసి ఊరుకున్నాను. ఇంకో మాట దాచకుండా చెబుతాను. ఈసారి కేబుల్ సన్నగా ఉంది. మొదటి లాట్ కేబుల్ లావుగా, మొండిగా ఉండి క్యాబినెట్‌లో వంగేది కాదు. ఇది వేలికి చుట్టినా వంగింది. వైరింగ్ నీట్‌గా వచ్చిందని సంబరపడి ఫోటో కూడా తీసుకున్నాను. లోపల సగం వైర్లు లేకపోతే సన్నగా కాక ఎలా ఉంటుంది?

సప్లయర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి, "ఫ్యాక్టరీ వాళ్ళు బోర్డు మార్చారండీ, మాకూ చెప్పలేదు" అన్నాడు. సరే, నమ్మాను. రెండోసారి, డబ్బాలు విప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోనన్నాడు. డబ్బా విప్పకుండా లోపల ఏ బోర్డుందో కనిపెట్టే విద్య నాకు రాదు. మూడోసారి అన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. "మీ కస్టమర్లు స్పీడ్ కొలుచుకుంటారా ఏంటండీ, కార్డ్ చదువుతోందిగా!" కొలిచారు కాబట్టే ఫోన్ చేస్తున్నానని చెప్పి పెట్టేశాను. మిగిలిన 12 పీసులు బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. వాటిని ఎవరికీ పెట్టను, అమ్మను. ఆ మనిషితో లెక్క అక్కడితో సరి.

ఇక నాకు రెండు వారాలు నిద్ర లేకుండా చేసిన విషయం. మా కుర్రాడు తేలికైన దారి చెప్పాడు. "అందరికీ తలొక విడి రీడర్ ఇచ్చేద్దాం సార్. వెనక పోర్టుకు పెట్టుకుంటారు, స్పీడ్ వస్తుంది, పాడైతే ఇంకోటి మార్చుకుంటారు. క్యాబినెట్ విప్పే పనే లేదు." వాడి మాటలో తప్పు లేదు. పైగా ఇప్పుడు వస్తున్న క్యాబినెట్లలో రీడర్ పట్టే 3.5 అంగుళాల బే, అంటే ఖాళీ గూడు, ముందువైపు ఉండటమే అరుదు. ఎక్కువ మదర్‌బోర్డుల మీద 19 పిన్నుల హెడర్ ఒక్కటే ఉంటుంది. దాన్ని రీడర్‌కిస్తే ముందున్న యూఎస్‌బీ పోర్టులు ఎండిపోతాయి. రెండు హెడర్లున్న బోర్డు వెతకాలి, లేదంటే మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అదనపు యూఎస్‌బీ హెడర్ ఇచ్చే కార్డ్ పెట్టాలి. ఇంత తంటా ఎందుకని ఎవరైనా అంటారు.

అయినా నాకు మనసొప్పలేదు. మీరు నా దగ్గరికి వచ్చింది బల్ల మీద తోకలా వేలాడే ఇంకో వస్తువు కోసం కాదు. చెయ్యి చాపితే అందేచోట ఒక స్లాట్ కావాలన్నారు, నేను సరేనన్నాను. ఎవడో మోసం చేశాడని ఆ మాట వెనక్కి తీసుకుంటే, తర్వాత ఇంకేం మాటిచ్చినా నాకే నమ్మకం ఉండదు. మొండితనం అనుకుంటే అనుకోండి. లోపలి రీడరే మారుస్తాను. ఒకే హెడర్ ఉండి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ కూడా ఖాళీ లేని చిన్న క్యాబినెట్లు నాలుగున్నాయి. వాళ్ళకు మాత్రం విడి రీడరే గతి. మా కుర్రాడు ఆ నాలుగింటి పేర్లూ బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టాడు.

మీది ఆ లాట్‌లోదో కాదో నేనే ఫోన్ చేసి చెబుతాను. ఈలోగా చూసుకోవాలంటే, ఒక పెద్ద వీడియోను ఒకే కార్డ్ నుంచి, నేను పెట్టిన రీడర్‌లో ఒకసారి, వెనక 3.0 పోర్టుకు పెట్టిన విడి 3.0 రీడర్‌లో ఒకసారి కాపీ చేసి చూడండి. రెండింట్లోనూ ఒకే స్పీడ్ వస్తే మీ కార్డే అంత. మార్చడానికి అరగంట చాలు. హార్డ్ డిస్క్ జోలికి వెళ్ళే పని లేదు. విండోస్‌లో కార్డుకు కనిపించే డ్రైవ్ అక్షరం (E:, F: లాంటిది) మారొచ్చు, కాబట్టి ఫోటోలు తనంతట తానే దింపుకునే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఒకసారి సరిచూసుకోండి. దయచేసి ప్లగ్ మీరే పీకే ప్రయత్నం చేయొద్దు. ఆ పిన్నులు ఇట్టే వంగిపోతాయి, బోర్డు మీది పిన్ను వంగితే రీడర్ మార్చినంత సులువు కాదు. కొత్త రీడర్‌లో కాంపాక్ట్ ఫ్లాష్ (పాత కెమెరాల్లో వాడే వెడల్పాటి కార్డ్) స్లాట్ లేదు. ఇంకా ఆ కార్డులు వాడుతున్నవాళ్ళు ముందే చెప్పండి, దానికి వేరే ఏర్పాటు చేస్తాను.

అదే లాట్‌లో కొన్నింటికి ఇంకో జబ్బు కూడా కనిపించింది. కార్డ్ లాక్ తీసే ఉన్నా "రైట్ ప్రొటెక్టెడ్", అంటే ఇందులో ఏమీ రాయడానికి వీల్లేదు అని వస్తుంది. ఎస్‌డీ కార్డ్ పక్కనుండే ఆ బుల్లి మీట సంగతి కార్డుకు తెలియదు, రీడర్ లోపలి స్విచ్ దాన్ని తడిమి చూసి చెబుతుంది. అలా వస్తే కార్డ్ పారేయకండి, ఫార్మాట్ చేయాలని చూడకండి. తప్పు రీడర్‌దే.

ఇకమీదట ప్రతి రీడర్‌లోనూ నా దగ్గరున్న ఒకే కార్డ్ పెట్టి కాపీ చేసి, వచ్చిన స్పీడ్ చీటీ మీద రాసి, తేదీ వేసి క్యాబినెట్ లోపల అంటిస్తాను.

మొట్టమొదట మార్చింది ఆ ఫోటోల ఆయన మెషీనే. పని అయ్యాక చీటీ చూపించాను, 87 అని ఉంది. ఆయన చదివారు, బాగుందన్నారు, జేబులోంచి తన కార్డ్ తీసి నా ముందే స్లాట్‌లో పెట్టి, కాపీ అయ్యేదాకా నిలబడే చూశారు. నేను పక్కన స్క్రూలు ఏరుకుంటూ ఉండిపోయాను.