ఎల్కతుర్తి దాటాక చీకట్లో మాకు తోడు నిలిచిన వాళ్లకు

ఈ పోస్టు పెట్టమని నన్నెవరూ అడగలేదు. ఆ రాత్రి మాకు సాయం చేసిన వాళ్లలో సగం మంది పేర్లు అడగడం కూడా మర్చిపోయాను. ఆ ఊళ్ల వాళ్లెవరైనా చదివితే వాళ్లకు అందుతుందని రాస్తున్నా.

మొన్న సోమవారం వేములవాడలో కోడె మొక్కు చెల్లించుకుని తిరిగి వస్తున్నాం. కారులో నేను, మా ఆవిడ, అమ్మ, ఆరేళ్ల పాప. దర్శనానికే మధ్యాహ్నం దాటింది. కరీంనగర్‌లో చుట్టాలింట్లో కూర్చుని బయల్దేరేసరికి చీకటి పడింది. హుజూరాబాద్ దాటి, ఎల్కతుర్తి దాటి, ఇంకో అరగంటలో హనుమకొండలో ఇంటికి చేరతామనుకుంటుండగా ఒకచోట సగం రోడ్డు మీద యాసంగి వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. ఎదురుగా లారీ. బ్రేకు కొట్టాను, క్లచ్ తొక్కడం ఆలస్యమై ఇంజన్ ఆగిపోయింది. తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు వచ్చింది. అంతే, హెడ్‌లైట్లు, మీటరు బోర్డు, లోపలి లైటు అన్నీ ఒక్కసారే పోయాయి. హారన్ లేదు. వెనక వచ్చే బండ్లకు కనపడేలా నాలుగు ఇండికేటర్లూ వేద్దామంటే అవీ లేవు. అద్దాలు దిగవు. పాప వైపు తలుపుకు చైల్డ్ లాక్ ఉంది, అది లోపల నుంచి రాదు. కారు సగం రోడ్డు మీద, మేం లోపల. టెన్షన్ అంటే ఏంటో నాకు ఆ నిమిషంలో తెలిసింది.

ముందుగా ట్రాక్టరు మీద వచ్చిన ఆ ఇద్దరు తమ్ముళ్లకు దండాలు. అడగకముందే దిగి, వేప కొమ్మలు విరిచి మా కారు వెనక ముప్పై నలభై అడుగుల దూరంలో రోడ్డు మీద వేశారు. ట్రాక్టరును కూడా వెనకే పెట్టి ఇండికేటర్లు వేసి ఉంచారు. తర్వాత నలుగురం కలిసి కారును పక్కకు తోశాం. తోసేటప్పుడు ఒకరు గట్టిగా చెప్పారు: "తాళం తియ్యకు అన్నా, స్టీరింగ్ లాకైతది." నేను అప్పటికే తియ్యబోతున్నాను.

వడ్లకు కాపలా ఉన్న ఆ పెద్దమ్మ, పెద్దయ్య మా అమ్మను, పాపను తీసుకెళ్లి మంచంలో కూర్చోబెట్టారు. నీళ్లిచ్చారు, చాయ్ పెట్టారు. మా కారు ఆగింది వాళ్ల వడ్ల వల్లే అన్నట్టు పెద్దయ్య పదేపదే నొచ్చుకున్నాడు. కాదు పెద్దయ్యా, తప్పంతా నాదే, అది కిందే రాస్తున్నా.

నాకు తెలిసిన ఒకాయనకు ఫోన్ చేస్తే "బ్యాటరీ పోయింది, కొత్తది ఏయించు" అన్నాడు. కారులో ఉన్నది నాలుగు నెలల కిందట వేయించిన కొత్త బ్యాటరీనే. తోసి స్టార్ట్ చేద్దామని కూడా ఎవరో అన్నారు. ఈలోగా ట్రాక్టరు తమ్ముడు హసన్‌పర్తి దగ్గర ఎలక్ట్రీషియన్‌గా పని చేసే వాళ్ల బావకు ఫోన్ చేశాడు. రాత్రి తొమ్మిదికి, అన్నం ముందు నుంచి లేచి, బైక్ మీద డబ్బా కట్టుకుని వచ్చాడాయన. అసలు ఈ పోస్టు ఆయన కోసమే. పేరు పెట్టొద్దన్నాడు, పెట్టడం లేదు.

వచ్చీ రాగానే బానెట్ ఎత్తలేదు. మొదట ఒక్క ప్రశ్న అడిగాడు: "లైట్లు మెల్లమెల్లగ మసకబారినయా, ఒక్కసారే పోయినయా?" ఒక్కసారే అన్నాను. "గట్లయితే బ్యాటరీ మంచిగనే ఉండొచ్చు. నడుమల తొవ్వ తెగింది." ఆల్టర్నేటర్ ఛార్జ్ చెయ్యకపోతే మీటరులో ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగి, లైట్లు నెమ్మదిగా మందగించి, అప్పుడు బండి ఆగుతుందట. హారన్, లోపలి లైటు తాళంతో పని లేకుండా మోగాలి, వెలగాలి. అవీ లేవంటే తాళం దగ్గరి స్విచ్ పోయిందనుకోనక్కర్లేదు. మిగిలింది బ్యాటరీ బిళ్లలు (బ్యాటరీకి వైర్లను పట్టి ఉంచే క్లాంపులు), మెయిన్ ఫ్యూజు, ఎర్తు (బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపే వైరు). బానెట్ తెరవకముందే సగం రోగం పట్టేశాడు!

వోల్టు మీటరు తీసి బ్యాటరీ సీసపు మొనల మీదే పెట్టాడు, బిళ్లల మీద కాదు. 12.5 వోల్టులు. తర్వాత బిళ్లల మీద పెట్టాడు, అదే వచ్చింది. టెస్ట్ లైటు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు తగిలించి, మొనతో మెయిన్ ఫ్యూజు రెండు వైపులా తాకితే రెండు చోట్లా వెలిగింది. అదే క్లిప్పు తీసి బాడీకి తగిలించి ప్లస్ మీద మొన పెడితే మాత్రం వెలగలేదు. అప్పుడు హెడ్‌లైట్ స్విచ్ వేసి ఉంచమని నాకు చెప్పి, మీటరు ఒక వైరు మైనస్ మీద, ఇంకోటి బాడీ ఇనుము మీద పెట్టాడు. 12 దాటి చూపించింది. "గిక్కడ సున్నా రావాలె అన్నా. కరెంటు పోతున్నది గని తిరిగి వచ్చేటందుకు తొవ్వ లేదు."

జంపర్ కేబుల్ ఒక కొస మైనస్‌కు, ఇంకో కొస ఇంజన్ ఎత్తే కొక్కానికి తగిలించగానే కారంతా వెలిగింది. పాప అక్కడి నుంచి చప్పట్లు కొట్టింది.

బ్యాటరీ కింద, మైనస్ వైరు బాడీకి బిగించే చోట, రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూపించాడు. ఆకుపచ్చగా, తెల్లగా పొడి పట్టి, రాగి తీగలు చివికిపోయి ఉన్నాయి. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతున్న వైరే. నాలుగైదు తీగలు తగులుతున్నా లైట్లకు, పాటలకు సరిపోతుంది. స్టార్టర్ మోటారుకు మాత్రం వంద ఆంపియర్లకు పైగా కావాలి. ఆ రోజంతా ఎలాగో లాక్కొచ్చిన తీగలు ఆ ఆఖరి 'టక్'తో తెగిపోయాయన్నమాట. తోస్తే స్టార్ట్ అయ్యేదా అని అడిగాను. ఇంజన్‌కు పెట్రోలు పంపే మోటారుకు, ప్లగ్గులకు కరెంటే లేనప్పుడు ఎంత తోసినా చెమట్లే అన్నాడు.

ఇక నా తప్పు. మూడు వారాలుగా కారు గడియారం అప్పుడప్పుడు 12:00కి తిరిగిపోతోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే లోపలి లైటు మిణుకుమంటోంది. బ్యాటరీ మార్చిన షాపులో చెబితే "కొత్త బ్యాటరీ సార్, ఫికర్ చేయకండి" అన్నారు, నేనూ నిశ్చింతగా ఊరుకున్నాను. పాత బ్యాటరీ యాసిడ్ కారి ఆ వైరు మీద పడి ఉంటుందని, కొత్తది పెట్టిన రోజే కింది బోల్టు విప్పి చూసి ఉంటే కనపడేదని ఈయన అన్నాడు. ఆ షాపును ఒక్క మాట అనలేదు. నేనైతే మనసులో చాలా అన్నాను.

డబ్బాలోంచి రెండు కొసలకు బోల్టుకు బిగించే లగ్గులున్న వైరు ముక్క తీసి, బాడీ మీద తుప్పు గీకి బిగించాడు. మైనస్ ముందు విప్పాలి, ఆఖరున బిగించాలి అని పాఠం కూడా అయింది. స్టార్ట్ చేసేటప్పుడు 10.8 దాకా దిగింది, ఇంజన్ నడుస్తుంటే 14.2. మైనస్‌కూ ఇంజన్‌కూ మధ్య మళ్లీ మీటరు పెట్టి నాతో స్టార్ట్ చేయించాడు, ఈసారి 0.1. అర వోల్టు దాటితే తన దగ్గరికి రమ్మన్నాడు. ఎంతివ్వాలంటే 300 అన్నాడు. ఎక్కువ ఇవ్వబోతే, "పొద్దున షాపుకు రా అన్నా, అసలు వైరు ఏసినంక తీసుకుంట" అని బైక్ ఎక్కాడు. మర్నాడు వెళ్లి పూర్తి వైరు మార్పించాను. వైరు, కూలి కలిపి 650.

అన్నా, నీ అన్నం చల్లారిపోయిన సంగతి వదిన చెబితే తెలిసింది. ఆమెకు కూడా చాలా కృతజ్ఞతలు.

పెద్దమ్మా, రాజన్న ప్రసాదం మీకు పెట్టి వచ్చాం గానీ, నీళ్లిచ్చిన మీ స్టీలు చెంబు మా కారులోనే వచ్చేసింది. అమ్మ తోమి పెట్టింది. ఆదివారం తెచ్చిస్తాం.