కాసిల్‌మెయిన్ ఓరియెంటీరింగ్ పోటీకి ఆదివారం ప్రయాణం

సభ్యులందరికీ నమస్కారం.

మ్యాపు, దిక్సూచి సాయంతో అడవిలో గుర్తు పెట్టిన చోట్లను వరుసగా వెతుక్కుంటూ పరుగెత్తే ఓరియెంటీరింగ్ పోటీ కోసం, వచ్చే ఆదివారం ఉదయం 6:30 గంటలకు మెల్‌బోర్న్ నుంచి బయలుదేరుతున్నాము. కాసిల్‌మెయిన్ సుమారు 120 కిలోమీటర్ల దూరం. కారులో సీటు కావలసినవారు, ఖాళీ సీట్లు ఉన్నవారు గురువారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయండి. రైలులో వచ్చేవారు మెల్‌బోర్న్‌లోని సదరన్ క్రాస్ స్టేషన్‌లో బెండిగో రైలు ఎక్కి కాసిల్‌మెయిన్‌లో దిగితే, స్టేషన్ నుంచి మేము తీసుకువెళ్తాము.

ఈ ఒక్క విషయం మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. 1851లో కాసిల్‌మెయిన్ పరిసరాల్లో బంగారం బయటపడ్డాక వేలాదిమంది వచ్చి తవ్విన నేల ఇది కాబట్టి, అడవి పొడవునా పాత గని గుంతలు, తవ్విపోసిన మట్టి దిబ్బలు, కోసుకుపోయిన వాగులు ఇప్పటికీ ఉన్నాయి. మ్యాపులో చిన్న గోధుమ రంగు గుర్తుగా కనిపించే దిబ్బ వెనుకనే, ఎండిన యూకలిప్టస్ ఆకుల మధ్య లోతైన గుంత నోరు తెరుచుకుని ఉండవచ్చు. అంచు దగ్గరికి వెళ్లి తొంగిచూడవద్దు, పిల్లలను ఒంటరిగా పంపవద్దు. దారి గుర్తుపట్టడానికి ఇంత మంచి ఆనవాళ్లు మరే అడవిలోనూ నాకు దొరకలేదు, అందుకే మీరందరూ రావాలని కోరుకుంటున్నాను.

దిక్సూచి, ఈల, నీళ్లు, మోకాళ్ల వరకు కాళ్లను కప్పే దుస్తులు తప్పనిసరి. గడ్డి గింజలు సాక్సులకు గుచ్చుకుంటే పరుగు సాగదు.

మరొక్కసారి గుర్తుచేస్తున్నాను: కోర్సు (మీకిచ్చిన పోటీ దారి) మధ్యలో ఆపేసినా సరే, ముగింపు బల్ల దగ్గర మీరు చేరిన చోట్లను నమోదు చేసే కార్డు చూపించాకే కారు ఎక్కండి, లేకపోతే నిర్వాహకులు మీకోసం అడవిలో వెతకవలసి వస్తుంది.