గట్టుకు పడింది బుంగా, బొరియా, నెర్రెయా?

సంపాదకుడు గారికి,

వానలు పడగానే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏదో ఒక చెరువు గట్టు కారుతోందన్న వార్త మామూలే. ఆ వార్తలోనూ, అంతకుముందు రైతులు పెట్టిన అర్జీలోనూ కనిపించేది ఒకటే మాట: ‘రంధ్రం’, కాదంటే ‘లీకేజీ’. ఊళ్లో ఎవరూ అలా అనరు. బుంగ పడిందంటారు, పీత బొరియ అంటారు, ఎలుక కన్నం అంటారు, నెర్రె విచ్చిందంటారు, మదుము (వేరే జిల్లాల్లో తూము అంటారు) పక్క నుంచి కారుతోందంటారు. ఒక్కో దానికి ఒక్కో మందు. అన్నిటినీ రంధ్రం చేసేస్తే, చూడటానికి వచ్చే ఉద్యోగికి ఇసుక బస్తాలు కావాలో, పార పట్టే కూలీలు కావాలో, తలుపు బిగించే మేస్త్రీ కావాలో తెలియదు. ఇంట్లో సూదికి బెజ్జం, కుండకు చిల్లు అని వేరుగానే అంటాం కదా. బెజ్జం లేని సూది పనికిరాదు, చిల్లున్న కుండ పనికిరాదు.

గట్టు పైనుంచి కిందిదాకా తెగితే గండి. గట్టు కడుపులోంచి నీరు దారి చేసుకుంటే బుంగ. వేళకు పట్టుకోకపోతే బుంగే గండవుతుంది. బయటి వాలు అడుగున నీరు కనిపిస్తే ముందు గాజు గ్లాసులో పట్టి చూడాలి. తేటగా ఉంటే ఊట. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి. బురదగా ఉంటే గట్టులోని మట్టే కొట్టుకొస్తోందన్నమాట, ఇక ఆలస్యం పనికిరాదు. చాలాచోట్ల జరిగే తప్పు ఇక్కడే: నీరు బయటికొచ్చే మూతిలో గడ్డీ, గుడ్డలూ, మట్టీ కుక్కేస్తారు. కాసేపు ఆగినట్టే ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగి, పక్కనే ఇంకో మూతి తెరుచుకుంటుంది. మూయాల్సింది చెరువు వైపు, నీరు దూరే మూతిని. నీటి మీద సుడి ఉంటే అదే ఆనవాలు. లేకపోతే చేటెడు ఊక చల్లి, అది ఎటు లాక్కుపోతోందో చూడాలి. అక్కడికి మనిషి దిగకూడదు, కాలు లాగేస్తుంది. గోనె సంచుల్లో మట్టి నింపి గట్టు మీద నుంచే దించాలి. సంచి మూడింట రెండు వంతులే నింపి మూతి కుట్టాలి. నిండు సంచి గుండ్రంగా ఉండి పక్కన సందులు వదిలేస్తుంది. ఇక బయటి మూతి చుట్టూ బావి ఒరలా బస్తాలు పేర్చి, లోపల ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాయి వేయాలి. నీరు పోవాలి, మట్టి పోకూడదు.

పీత బొరియ, ఎలుక కన్నం ఎండాకాలం పని. మూతిలో రెండు తట్టల మట్టి పోసి కాలితో తొక్కితే లోపల బోలుగానే ఉండిపోతుంది, చెరువు నిండాక అదే బుంగవుతుంది. బొరియ ఎంత దూరం పోతే అంత దూరం తవ్వాలి. తర్వాత అరడుగు మందాన మట్టి వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ అరడుగు. తడి ఎంతంటే పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి అంటకూడదు. గట్టు మీద చెట్టు కొట్టి మొదలు వదిలేసిన చోటా ఇదే వైద్యం, వేరు కుళ్లాక మిగిలేది గొట్టమే కాబట్టి.

నల్లమట్టి గట్టు మీద నెర్రెలు తడికి చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. వాటిలో ఇసుక పోస్తే మూసుకోలేక నీటికి దారిగా మిగిలిపోతాయి. గట్టు పొడవునా బీట పడి, ఒక పక్క కుంగితే మాత్రం అది నెర్రె కాదు, వాలు జారుతోంది. వెంటనే ఇంజనీరుకు చూపించాలి.

‘మదుము కారుతోంది’ అన్నా చాలదు. గొట్టం లోపలి నుంచి కారితే తలుపు సరిగా కూర్చోవడం లేదు: రబ్బరు అరిగి ఉంటుంది, లేదా కర్రముక్క అడ్డం పడి ఉంటుంది. చిన్న పని. గొట్టం పక్క నుంచి కారితే అసలు జబ్బు వేరు. యంత్రంతో హడావుడిగా పూడ్చినప్పుడు గొట్టం కింది భాగాన, ఇరుపక్కలా దిమ్మిస పడదు. ఆ సందులోంచే నీరు నడుస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆగదు. నీరు తగ్గాక తవ్వి, బంకమట్టి పొరలుగా వేసి కొట్టాల్సిందే.

మన మీదికి వచ్చిన పెద్ద తుపాన్లు పైలీన్ (2013), హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) మూడూ అక్టోబరువే. చెరువులు నిండి ఉండే నెల అది. గట్టు లోపాలు రాసుకోవాల్సింది మే నెలలో, నీరు అడుగంటినప్పుడు. సాగునీటి సంఘాలూ, సచివాలయాలూ అర్జీ తీసుకునేటప్పుడు రైతు నోట వచ్చిన మాటనే రాయాలి. దాని పక్కన లోపలి వాలో బయటి వాలో, మదుముకు ఎన్ని అడుగుల దూరమో, వేలు పడుతుందో చేయి పడుతుందో, నీరు తేటో బురదో చేర్చాలి. మీ విలేకరులు కూడా వార్తలో ఇవే అడిగి రాయాలని మా విన్నపం.

— చెరువు ఆయకట్టు రైతులు,
చీపురుపల్లి మండలం, విజయనగరం జిల్లా