పటం అంచు స్కానర్ బయటే ఉండిపోయింది

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ముప్పై ఏళ్లు సర్వే పటాలు గీసి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. పోయిన నెల మా బంధువొకాయన గట్టు తగాదా తేల్చమని తమ గ్రామపటం స్కాన్ తెచ్చాడు. కంప్యూటర్‌లో తెరిస్తే ఎడమ పక్క మూడు వేళ్ల మేర పటమే లేదు. స్కానర్‌లో పట్టినంత వరకే తీశారట. స్కేలు గీత, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి గుర్తు ఆ పోయిన ముక్కలోనే ఉన్నాయి. మధ్య మడతలో ఒక సర్వే నంబరు నలిగి సన్నబడింది. ఫైలు మాత్రం వాట్సాప్‌లో పంపుకోవడానికి వీలుగా ఉంది! ఏ ఆఫీసో చెప్పను, అక్కడి వాళ్ల దగ్గర ఉన్నది ఆ స్కానరే.

మన పాత గ్రామపటాలు ఎక్కువగా మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి. అంటే పటం మీద మిల్లీమీటరు నేల మీద దాదాపు 4 మీటర్లు. సిరా గీత అర మిల్లీమీటరు ఉన్నా దాని కింద ఆరడుగుల పైచిలుకు నేల ఉంటుంది. తలలు పగిలేది ఆ ఆరడుగుల కోసమే. అలాంటి గీత మీద మౌస్ తిప్పి హద్దు తేల్చేస్తే ఎలా?

అసలు కొలతలు ఎఫ్‌ఎంబీలో, అంటే ప్రతి సర్వే నంబరు కొలతలు రాసిన పుస్తకంలో ఉన్నాయి. గొలుసు పట్టి కొలిచి, లింకుల్లో రాసిపెట్టారు. 100 లింకుల గొలుసు 66 అడుగులు. కాగితం చెమ్మకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అదీ నిలువునా అడ్డంగా ఒకే తీరున కాదు. అంకెకు ఆ బాధ లేదు. అందుకే స్కాన్ మీద గీత దిద్దించడం మాని, ఆ కొలతలను ఎక్కించి హద్దు గీయించండి. కానీ అంకె కనపడాలి కదా. మసక స్కాన్‌లో 138 కాస్తా 188 అయితే తేడా 50 లింకులు, 33 అడుగులు.

కనీసం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), కుదించని టిఫ్ ఫైలుగా, అంచులతో సహా తీయించండి. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఆ స్కాన్‌ను నేల మీది స్థానాలతో కూర్చేటప్పుడు నాలుగు మూలలు మాత్రమే పట్టుకుంటే మడత దగ్గరి తప్పు దొరకదు. మిగిలి ఉన్న పొలిమేర రాళ్లను, పాత బావులను ఉపగ్రహ సంకేతాలతో స్థానం చెప్పే రోవర్‌తో కొలిచి పటానికి కలపాలి. కలవని చోట ఎంత తేడా వచ్చిందో పటం పక్కనే రాయించండి, దాచవద్దు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో రాయి పోయిన చోట సాక్ష్యం చెప్పేది ఈ పాత కాగితాలే.

రుసుము తీసుకునైనా ఆ పెద్ద ఫైలునే రైతుకు ఇప్పించండి. మా బంధువు ఊరి పటం ఇంకా బీరువాలో చుట్ట చుట్టి ఉందట. ముందు దాన్ని పూర్తిగా పరిచి మరోసారి స్కాన్ చేయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్